ఊళ్ళో అగ్నిగుండం తొక్కే రోజున క్రైస్తవ కుటుంబం ఎలా నడుచుకోవాలి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళలో భారత ఉత్సవాలు ముగిసే సాయంత్రం, కొమురవెల్లి మల్లన్న సన్నిధిలో, నల్లగొండ జిల్లా చెరువుగట్టు జాతరలో, ఎన్నో ఊళ్ళ వీరభద్రుని గుళ్ళ ముందు భక్తులు నిప్పులు తొక్కుతారు. పీర్ల పండుగకు అలావా (పీర్ల ముందు తవ్వే నిప్పుల గుండం) దగ్గర ముస్లింలతో పాటు హిందువులు కూడా నిప్పుల మీదుగా నడిచే పల్లెలు మనకు కొత్త కాదు. ఇటువంటి ఊళ్ళలో ఉండే క్రైస్తవ కుటుంబానికి ఈ ప్రశ్న చర్చిలో ప్రసంగపీఠం మీద కాకుండా ఇంటి గడపలోనే ఎదురవుతుంది. మేనమామ పిలవడానికి వస్తాడు, చందా పుస్తకం వస్తుంది, పిల్లవాడు బడి నుంచి వచ్చి ‘వాళ్ళ కాళ్ళు ఎందుకు కాలలేదు?’ అని అడుగుతాడు. ఆ మూడింటికీ ముందే సిద్ధపడి ఉండడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను.

మొదట చేయవలసిన పని బైబిలు తెరిచి ‘అగ్నిగుండము’ అనే మాట ఎక్కడెక్కడ ఉన్నదో చూసుకోవడం. మన తెలుగు బైబిలులో ఈ ఒక్క మాట రెండు వేర్వేరు సంగతులకు వాడబడింది. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయంలో కుమారునిగాని కుమార్తెనుగాని అగ్నిగుండము దాటించువాడు మీ మధ్య ఉండకూడదని ఆజ్ఞ ఉన్నది. యూదా రాజులు ఆహాజు, మనష్షే చేసినదీ, తర్వాత యోషీయా రాజు హిన్నోము లోయలో పిల్లలను కాల్చి బలి ఇచ్చే తోఫెతు అనే స్థలాన్ని అపవిత్రపరచి మాన్పించినదీ అదే. దానియేలు 3వ అధ్యాయంలో షద్రకు, మేషాకు, అబేద్నెగో పడినది కూడా మనకు అగ్నిగుండమే. మూల భాషల్లో చూస్తే మొదటిచోట ఉన్నది ‘నిప్పులోనుండి దాటించుట’ అనే మాట, రెండవచోట ఉన్నది కొలిమి. ఊళ్ళో గుడి ముందు తవ్వే గుండం ఈ రెండూ కాదు. అక్కడ పెద్దలు తమ ఇష్టపూర్వకంగా, కంకణం కట్టుకుని, ఉపవాసముండి, మొక్కు చెల్లించడానికి నడుస్తారు. మాట ఒకటే కావడం వల్ల చాలామంది బోధకులు ఈ మూడింటినీ కలిపేసి, పొరుగువారి మొక్కును శిశుహత్యతో సమానం చేసి మాట్లాడుతుంటారు. అది వాక్యానికీ న్యాయం కాదు, పొరుగువారికీ న్యాయం కాదు.

అయితే ఆ ఆజ్ఞ మనకు నేరుగా తగిలే సందర్భం ఒకటి ఉన్నది. కొన్నిచోట్ల తల్లిదండ్రులు పసిబిడ్డను చంకనెత్తుకుని గుండం దాటుతారు. బంధువులు ప్రేమతోనే ‘పాపను నేను ఎత్తుకుని దాటిస్తాను, దిష్టి పోతుంది’ అని అడిగితే, ఆ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. ఆ సాయంత్రం బిడ్డను మీ దగ్గరే ఉంచుకోండి.

దానియేలు గ్రంథంలోని ముగ్గురి కథను కూడా జాగ్రత్తగా వాడాలి. ‘మా దేవుడు కూడా నిప్పుల్లో కాపాడుతాడు, చూపిస్తాం’ అని పందెం కట్టే యువకులు కొందరుంటారు. ఆ ముగ్గురు తమంతట తాము నిప్పుల్లోకి నడవలేదు. వారు బంధింపబడి పడవేయబడ్డారు, పైగా దేవుడు రక్షించకపోయినా రాజు నిలబెట్టిన ప్రతిమకు మ్రొక్కబోమని ముందే చెప్పారు. దేవుణ్ణి శోధింపకూడదని ప్రభువు దేవాలయ శిఖరం మీద చెప్పిన జవాబు ఇటువంటి పందేలకు సరిగ్గా సరిపోతుంది. అలాగే సామెతలు 6వ అధ్యాయంలో నిప్పులమీద నడిస్తే పాదాలు కమలకుండునా అనే వాక్యాన్ని చదివి, ‘కాబట్టి వారిది మోసం’ అని తేల్చకండి. ఆ మాట వ్యభిచారం గురించి చెప్పిన పోలిక, గుండం తొక్కేవారి పరీక్ష కోసం రాసినది కాదు.

పిల్లల ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పడం మంచిది. దయ్యాల శక్తి అని భయపెట్టనవసరం లేదు. అట్లు పోసే పెనం చేతికి తగిలితే చుర్రుమంటుంది, దాని చెక్కపిడిని మాత్రం పట్టుకోగలం. చెక్కలాగే కట్టెబొగ్గు కూడా వేడిని మెల్లగా అందిస్తుంది, పైన బూడిద పొర ఉంటుంది, ఒక్కొక్క అడుగు నిప్పుకు తగిలేది క్షణకాలమే. 1935లో ఇంగ్లండులో కుదా బక్ష్ అనే భారతీయుడు నిప్పులమీద నడిచినప్పుడు పరిశీలించినవారు చెప్పిన కారణం కూడా దాదాపు ఇదే. అయినా నడవడం క్షేమమని దీని అర్థం కాదని కూడా పిల్లలకు చెప్పాలి. కాలు ఒక్కచోట ఆగినా, బొగ్గు పాదానికి అతుక్కున్నా బొబ్బలు లేస్తాయి.

ఇక పిలుపు విషయం. అడిగే పనులన్నీ ఒకే తూకంలో తూగవు. కంకణం కట్టుకుని నడవడం, గుండానికి పూజ చేయడం, నైవేద్యం పెట్టడం ఆరాధనలో భాగాలు కాబట్టి వాటిని కాదనాలి. దారి శుభ్రం చేయడం, వచ్చినవారికి మంచినీళ్ళివ్వడం, రద్దీలో ముసలివారిని పట్టుకోవడం ఊరి పనులు. చందా ఈ రెండింటి మధ్య ఉంటుంది. దేనికి ఖర్చు పెడతారో అడిగి, అన్నదానానికో నీళ్ళ ట్యాంకరుకో ఇస్తున్నామని చెప్పి ఇవ్వడంలో తప్పు లేదని నా అభిప్రాయం, మనస్సాక్షి ఒప్పుకోనివారిని ఎవరూ బలవంతం చేయకూడదు. ప్రసాదం గురించి మొదటి కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు కుటుంబమంతా కలిసి చదివి ఒకే నిర్ణయానికి రండి, ఎందుకంటే భర్త తిని, భార్య పారవేస్తే పొరుగింట్లో రెండు రకాల మాటలు పుడతాయి.

డప్పు కొట్టడం, గుండం తవ్వడం, కట్టెలు మోయడం కులం పేరుతో కొన్ని ఇళ్ళకు కట్టబెట్టిన ఊళ్ళు ఉన్నాయి. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర కాలంలో కొత్తగా విశ్వసించినవారికి మూడు నియమాలుండేవి: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. ఈ మూడవ నియమం వల్లనే జాతర డప్పు దగ్గర వారికి ఊరి పెద్దలతో చిక్కు వచ్చింది. నేటికీ ఎవరైనా ఆ పని చేయమని ఒత్తిడి పెడితే అది భక్తికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు, వెట్టి కూడా అవుతుంది. ఒక్క కుటుంబం ఒంటరిగా జవాబు చెప్పే బదులు సంఘ పెద్దలు నలుగురు కలిసి, పండుగకు చాలా రోజుల ముందే వెళ్ళి మాట్లాడాలి.

కాదని చెప్పే తీరు ముఖ్యం. ‘మావయ్యా, మీరు పిలిచినందుకు సంతోషం. మేము ప్రభువును నమ్ముకున్నాం కాబట్టి గుండం దగ్గరకు రాలేం. మర్నాడు అందరూ మా ఇంటికి భోజనానికి రండి’ అంటే చాలు. కారణాలు పెంచుకుంటూ పోతే వాదమవుతుంది. గుండం దగ్గర కరపత్రాలు పంచడం, మైకు పెట్టడం వంటివి చేయవద్దు.

అన్నిటికంటే కష్టమైనది పాత మొక్కు. బాప్తిస్మానికి ముందు బిడ్డ జబ్బు నయమైతే గుండం తొక్కుతానని మొక్కుకున్న తల్లి, తర్వాత బిడ్డకు జ్వరం వచ్చిన ప్రతిసారీ వణుకుతుంది. అత్తగారు ‘మొక్కు ఎగ్గొట్టావు, అందుకే’ అంటుంది, బైబిలు కొంత తెలిసిన మరిది ‘మీ ప్రసంగి గ్రంథంలో కూడా మ్రొక్కుబడి చెల్లించమనే ఉంది కదా వదినా’ అంటాడు. అతడు చెప్పింది నిజమే. కాని అక్కడ ఉన్నది దేవునికి చేసిన మ్రొక్కుబడి. సంఘ కాపరి ఆ తల్లిని గద్దించకూడదు, నవ్వి తీసిపారేయకూడదు. ఆమె భయం నిజమైనది, ఆమె కృతజ్ఞత కూడా నిజమైనదే. బిడ్డను సంఘం ముందుకు తెమ్మని, స్వస్థత కోసం కృతజ్ఞతార్పణ ఇప్పించి, పాత మొక్కు నుంచి విడుదల కోసం పేరు పెట్టి ప్రార్థించాలి. భర్త, వీలైతే అత్తగారు కూడా ఆ ప్రార్థనలో ఉంటే మేలు. జ్వరానికి మాత్రం డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి.

ఈ మాటలు చెప్పే ముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి. ఉత్తర గ్రీసులోని అయియా ఎలేని గ్రామంలో, లంగడాస్ పట్టణంలో మే 21న కొన్‌స్టంటైను, హెలెనా పరిశుద్ధుల పండుగకు వారి చిత్రపటాలు పట్టుకుని నిప్పులమీద నాట్యం చేసేవారు ఆర్థడాక్స్ క్రైస్తవులే. వారి సంఘ అధికారులు దాన్ని ఒప్పుకోరు, అయినా ఆ ఆచారం ఆగలేదు. ‘ఈ పని జరిగితే ఇది ఇస్తాను’ అని దేవునితో బేరమాడే అలవాటు మన ఉపవాస కూటాల్లో కూడా ఉన్నది. శరీరాన్ని కాల్చబడుటకు అప్పగించినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని పౌలు రాసింది కొరింథులోని విశ్వాసులకే.

నగరాల్లో ఉద్యోగాలు చేసేవారికి మరో రకం గుండం ఎదురుకావచ్చు. ధైర్యం పెంచే శిక్షణ పేరుతో ఉద్యోగులను నిప్పులమీద నడిపించే కార్యక్రమాలు ఉన్నాయి. 2022 జూన్‌లో స్విట్జర్లాండులో జ్యూరిచ్ సరస్సు దగ్గర ఇలా నడిచిన ఒక సంస్థ ఉద్యోగుల్లో 25 మందికి గాయాలయ్యాయి. ఇందులో పూజ ఉండదు కాబట్టి విగ్రహారాధన అనడం కుదరదు, కాని ‘నీలో ఉన్న శక్తే నీకు దేవుడు’ అనే బోధ దానికి తోడైతే, రానని మర్యాదగా ఈమెయిలు రాయవచ్చు. మధుమేహం ఉన్నవారు ఆ ఒక్క కారణం చెప్పినా చాలు, ఎందుకంటే వారి పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే కాలిన సంగతి వెంటనే తెలియదు.

చివరగా, పండుగ రోజు రాత్రి ఇంట్లో కొన్ని వస్తువులు సిద్ధంగా ఉంచుకోండి: రెండు బకెట్ల మంచినీళ్ళు, ఉతికిన తెల్లటి నూలు గుడ్డలు, బండికి పెట్రోలు. కాళ్ళు కాలిన పొరుగువారు వస్తే ‘చూశావా’ అనే మాట నోట రానివ్వకండి. పాదాలమీద చల్లని నీళ్ళు 20 నిమిషాల పాటు ధారగా పోయండి. ఐసు, పేస్టు, సిరా, వెన్న వేయకండి, బొబ్బలు చిదపకండి. గుడ్డను వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, లేదా 108కి ఫోన్ చేయండి. ధనుర్వాతం ఇంజెక్షను గురించి అక్కడ అడగడం మరిచిపోకండి.