ఊరి ముందు తల్లీబిడ్డల రాతిబొమ్మ నిలపాలంటే

బడి ముందో చెరువుగట్టు మీదో తల్లీబిడ్డల బొమ్మ నిలపాలనుకునే వారికి నేను ముందుగా చెప్పేది ఒకటే. ఇద్దరినీ విడివిడిగా చెక్కి పక్కపక్కన పెట్టవద్దు, ఒకే బండలోంచి తీయండి. మన నల్లగొండ గ్రానైటు ఎంత బరువైనా మోస్తుంది కానీ వంపును ఓర్చుకోదు. గాలిలోకి చాచిన చెయ్యి గట్టి దెబ్బ తగిలితే విరుగుతుంది. అదే చెయ్యి బిడ్డ భుజం మీద ఆనితే నిలుస్తుంది. కాపాడే చేతికి ఆ బిడ్డే ఆధారం! ఈ పని మీద నాకు ఇంత మమకారం అందుకే. పొలిమేరల్లోని వీరగల్లులను దగ్గరికెళ్లి చూడండి. ఊరి కోసం, పశువుల కోసం ప్రాణమిచ్చిన వారి రూపాలు అక్కడ పలకను పూర్తిగా వదిలి బయటికి రావు. వందల ఏళ్ల ఎండావానలకు అవి తట్టుకున్నది ఆ పట్టు వల్లే.

బండ కొనేముందు మట్టితో చిన్న నమూనా చేసి చుట్టూ తిరిగి చూసుకోండి. తల్లి చూపు దారి వైపు ఉండాలి. బిడ్డ మాత్రం తల్లిని చూడకూడదు, తన ఆటలో తాను మునిగి ఉండాలి. వెనక్కి తిరిగి చూసే బిడ్డలో భయం కనిపిస్తుంది, నమ్మకం కాదు.

బండను సుత్తితో తట్టండి. ఖంగున మోగాలి. తర్వాత నీళ్లతో తడపండి. అంతా ఆరాక కూడా ఒక గీత తడిగా మిగిలితే అది పగులు. ఆ గీత మెడకో మణికట్టుకో అడ్డంగా పడేలా ఉంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఘనమీటరు రాయి సుమారు 2.7 టన్నులు తూగుతుంది, క్రేను మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి.

కోసేటప్పుడు నీళ్లు పోస్తూనే ఉండండి, ఎన్-95 మాస్కు తీయవద్దు. గ్రానైటు దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, ఆ జబ్బు నయం కాదు.

నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. ఆ మట్టి తీసేసి, మొరం నింపి దిమ్మిస కొట్టి, ఆపైన కాంక్రీటు వేయండి. బొమ్మను గద్దెకు బిగించే కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది.

గద్దె ఎత్తు ఒక అడుగుకు మించవద్దు. పడమటి వైపు వేపమొక్క నాటండి, లేకపోతే మే నెలలో రాయి మీద చెయ్యి పెట్టలేరు. కంచె మాత్రం వేయవద్దు. పిల్లలు ఎక్కుతారు, ఎక్కనివ్వండి. వాళ్ల చేతులూ కాళ్లూ తగిలే అంచులన్నీ ముందే గుండ్రంగా రుద్దండి.