పాత విడాకుల డిక్రీ నకలు ఇలా తీసుకున్నాను

రెండో పెళ్లి రిజిస్ట్రేషన్‌కు అక్క విడాకుల డిక్రీ (విడాకులు మంజూరు చేస్తూ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు) కావాల్సి వచ్చింది. కాగితం ఎప్పుడో పోయింది, కేసు నంబరు ఎవరికీ గుర్తులేదు. వకీలు గారు కాలం చేశారు.

ముందుగా కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైటులో పార్టీ పేరుతో వెతికాను. సంవత్సరం ఇవ్వాలి, ‘పెండింగ్’ వదిలేసి ‘డిస్పోజ్డ్’ లేదా ‘బోత్’ ఎంచుకోవాలి, లేకపోతే ముగిసిన కేసు కనిపించదు. అక్క పేరు దొరకలేదు. గుమాస్తాలు ఇంటిపేరును ముందో వెనకో, తోచిన స్పెల్లింగుతో ఎక్కిస్తారు మరి! బావగారి పేరులో మొదటి నాలుగక్షరాలే కొడితే దొరికింది. కేసు నంబరుతో పాటు ప్రతి కేసుకూ విడిగా ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉన్న సీఎన్ఆర్ నంబరూ వచ్చింది.

అక్క సంతకంతో కోర్టులో నకళ్లు ఇచ్చే కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు ఇచ్చాం. కేసులో పార్టీ కాని మనిషి అడిగితే ఎందుకో చెబుతూ అఫిడవిట్ పెట్టాలి. కుటుంబ వ్యవహారం కాబట్టి ఆ జాగ్రత్త సబబే. ఫైలు రికార్డు గదికి చేరినందువల్ల కొంత ఆలస్యమైంది. నకలుకు కావాల్సిన స్టాంపులు కోరుతూ నోటీసు బోర్డు మీద పెట్టే జాబితాను చూస్తూ ఉండాలి. గడువులోపు కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు.

హిందూ వివాహ చట్టం సెక్షన్ 23(4) ప్రకారం విడాకుల డిక్రీ ప్రతిని ఇద్దరికీ కోర్టు ఉచితంగా ఇవ్వాలి. తీర్పు వచ్చినప్పుడే అడిగి తీసుకోండి. మాకు రెండు ధ్రువీకృత నకళ్లు వచ్చాయి, ఒకటి బ్యాంకు లాకర్లో పెట్టాం.