పాత కంప్యూటర్‌ను వదిలించుకునే ముందు హార్డ్ డిస్కు విషయంలో జాగ్రత్తలు

పండగకు ఇల్లు సర్దుతూ పాత కంప్యూటర్‌ను ఎక్స్ఛేంజ్‌లోనో పాత సామాన్ల బండికో ఇచ్చేవారు చాలావరకు ఫైళ్లను డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తారు, మరీ జాగ్రత్తపరులైతే క్విక్ ఫార్మాట్ కొడతారు. ఈ రెండింటి వల్లా పోయేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే. హార్డ్ డిస్కులోని ఆధార్ స్కాను, పట్టాదారు పాసుపుస్తకం నకలు ఉన్నచోటనే ఉంటాయి. అలాంటి డిస్కు మీద ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపితే, అసలు పేర్లు పోయి అంకెల పేర్లు తగిలించుకున్న ఫొటోలు వరుసగా బయటికి రావడం ఎవరైనా చూడవచ్చు. అమెరికాలో పాత డిస్కులు 158 కొని పరీక్షించి 2003లో ప్రచురించిన ఒక పరిశీలనలో, పనిచేసిన 129లో సరిగా తుడిచినవి 12 మాత్రమే.

కావలసినవి వేరేచోట కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. దుకాణం కంప్యూటరైతే లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ లైసెన్సును ముందే సరెండర్ చేయడం మరవకూడదు.

ఆపైన తేల్చుకోవలసింది లోపలున్నది తిరిగే హార్డ్ డిస్కా, తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీనా అన్నది, ఎందుకంటే ఒకదానికి పనికొచ్చే పద్ధతి రెండోదానికి చాలదు. హార్డ్ డిస్కుకు విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్ సరిపోతుంది. కంప్యూటర్‌ను విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, వచ్చిన కమాండ్ విండోలో డిస్క్‌పార్ట్ తెరిచి, లిస్ట్ డిస్క్‌లో సైజును బట్టి సరైన డిస్కును ఎంచుకుని, డిస్కంతటా సున్నాలు రాసే క్లీన్ ఆల్ కమాండ్ ఇవ్వాలి. ఆల్ లేకుండా క్లీన్ అని మాత్రమే కొడితే పార్టిషన్ల వివరాలు పోతాయే తప్ప డేటా పోదు. డిస్కు నంబరు పొరబడితే వెనక్కి తీసుకునే దారి లేదు కాబట్టి, మిగతా డిస్కుల కేబుళ్లు ముందే పీకేయడం మేలు. సెకనుకు 150 ఎంబీ చొప్పున రాసినా 1 టీబీకి దాదాపు 2 గంటలు పడుతుంది. అంతసేపూ తెర మీద ఎంత శాతం అయిందో కనిపించదు, కర్సర్ మాత్రం మినుకుమంటుంది, హ్యాంగ్ అయిందనుకుని ప్లగ్గు పీకేవారు సగం పనితో డిస్కును అమ్మేస్తారు. 35 సార్లు తిరగరాయాలన్న సలహా కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ గుట్‌మన్ 1996 నాటి వ్యాసం నుంచి వచ్చింది. నేటి డిస్కులకు ఒక్కసారి చాలు.

ఎస్‌ఎస్‌డీ మీద ఇలా సున్నాలు రాయించడం నమ్మదగింది కాదు, ఎందుకంటే చిప్పులు సమానంగా అరగడం కోసం లోపలి కంట్రోలర్ డేటాను తనకు తోచిన చోట రాస్తుంది, పాత కాపీలు కొన్ని విండోస్‌కు కనిపించని భాగంలో మిగిలిపోవచ్చు. తయారీదారు ఇచ్చే టూల్‌లోనో, కొన్ని మోడళ్లలో బయోస్‌లోనో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే సెట్టింగుల తెర) ఉండే, ఎస్‌ఎస్‌డీ తనంతట తానే డేటాను తుడిచేలా చేసే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. డిస్కులోని డేటాను తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మార్చే విండోస్ సౌకర్యం బిట్‌లాకర్‌ను కొన్న రోజునే ఆన్ చేసి ఉంటే ఈ భయం చాలావరకు తగ్గుతుంది.

ఏ పద్ధతి వాడినా, చివర ఫొటోరెక్‌తో మళ్లీ వెతికించి ఏమీ రాలేదని చూసుకున్నాకే డిస్కును చేతులు మార్చండి.

టకటక శబ్దం చేస్తూ అసలు రాయనివ్వని డిస్కుకు ఇంట్లో చేయగలిగే మార్గం డ్రిల్లింగ్. లాప్‌టాప్ డిస్కుల్లోని పళ్లేలు తరచుగా గాజువి, పగిలితే ముక్కలు ఎగురుతాయి, కంటికి అద్దాలు లేకుండా డ్రిల్లు పట్టవద్దు. ఎస్‌ఎస్‌డీ అయితే బోర్డుకు చిల్లు పెడితే చాలదు, మెమరీ చిప్పుల్లో ప్రతి ఒక్కటీ పగలాలి.