కారవాన్ వెనక ఊగుడు ఇలా తగ్గింది

గంటకు 85 కిలోమీటర్లు దాటగానే కారుకు తగిలించి లాగే మా కారవాన్ (చక్రాల ఇల్లు) వెనక భాగం అటూ ఇటూ ఊగేది. అందరూ ముందు ఊగుడు తగ్గించే స్టెబిలైజర్ కొనమంటారు. నన్నడిగితే అది ఆఖరి పని. మొదట తూకం చూడాలి.

కారవాన్‌ను సమంగా ఉన్న నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, కప్లర్ (కారుకు తగిలించే ముందు కొస) కింద తగిన ఎత్తు కర్రను బాత్రూమ్ స్కేల్ మీద నిలబెట్టి దించాను. 1,400 కిలోల బండికి హిచ్ బరువు, అంటే కప్లర్ కారు మీద మోపే బరువు, 62 కిలోలే, నాలుగున్నర శాతం కూడా లేదు. యూరప్ తరహా కారవాన్లకు 5 నుంచి 7 శాతం కావాలి. అమెరికా ట్రావెల్ ట్రైలర్లకైతే 10 నుంచి 15.

తప్పంతా వెనక ర్యాక్‌దే. 30 కిలోల సైకిళ్లు ఇరుసుకు 3 మీటర్లు వెనక, కప్లర్ 4 మీటర్లు ముందు. 30×3÷4, అంటే హిచ్ మీద 22.5 కిలోలు తగ్గిపోతున్నాయి! సైకిళ్లు కారులోకి మార్చాక 84 దాటింది. టో బార్ (కారవాన్‌ను తగిలించే కారు వెనక కడ్డీ) పరిమితి 100 కిలోలు కాబట్టి ఇబ్బంది లేదు. ముందు కొసన బరువు పేర్చి లెక్క సరిచేయకండి. రెండు కొసల్లో బరువుంటే ఊగుడు ఓ పట్టాన ఆగదు. బరువైనవన్నీ ఇరుసు దగ్గర, నేలకు ఆనించి పెట్టాలి.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి, ముఖ్యంగా కారు వెనక టైర్లు. కారవాన్ ముక్కు పైకి లేవకూడదు.

ఆ తర్వాతే ఫ్రిక్షన్ స్టెబిలైజర్ బిగించాను. దానికి బాల్ (కప్లర్ కూర్చునే టో బార్ గుండు) మీద గ్రీజు ఉండకూడదు, ఆ గుండును నొక్కే ప్యాడ్లు పట్టవు.

దారిలో ఊగితే యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. ఎదురు తిప్పొద్దు, వేగం పెంచొద్దు. కారవాన్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులుంటే కారులోని కంట్రోలర్‌తో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయండి.