హెల్మెట్ కొనే ముందు చూసుకోవాల్సినవి

– ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అంకె (బైక్ హెల్మెట్ల ప్రమాణం నంబరు) ఉన్నాయా? బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి.

– కనుబొమల పైనుంచి టేపుతో తల చుట్టుకొలత తీసుకోండి. పట్టీ బిగించాక వెనకనుంచి ముందుకు లాగి చూడండి. ఊడి వస్తోందంటే, ఎంత స్టైల్‌గా ఉన్నా దయచేసి వద్దు.

– అనంతపురం నుంచి కర్నూలుకు 44వ నంబరు హైవే మీద వెళ్తారా? వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. నున్నటి, గుండ్రటి షెల్ (పై డొప్ప) ఉన్నది తీసుకోండి. పైన కొమ్ములు, పిలకలు అతికిస్తే గాలి తలను లాగుతుంది, మెడ పట్టేస్తుంది. అవి నాకైతే అస్సలు నచ్చవు.

– మన ఎండలకు లేత రంగు, గాలి రంధ్రాలు మేలు. రాత్రిపూట నల్ల వైజర్ వద్దు.

– ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్ ఎవరిచ్చినా తీసుకోకండి. లోపలి థర్మకోల్ నలిగినా పైకి కనబడదు.