గంట దాటే కార్డియోకు (పరుగు, సైక్లింగ్ లాంటి గుండె వేగం పెంచే వ్యాయామానికి) ముందు చూసుకోవలసినవి

• జ్వరం ఉంటే ఆ రోజుకు మానేయండి. ఇందులో బేరాల్లేవు.

• కడుపునిండా తిన్నాక రెండు, మూడు గంటలు ఆగండి.

• వేగం మారకపోయినా కొంతసేపటికి గుండె వేగం మెల్లగా పెరుగుతుందని ముందే తెలుసుకోండి. చెమటతో రక్తంలోని ద్రవం తగ్గుతుంది. ఒంటిని చల్లబరచడానికి కొంత రక్తం చర్మం వైపు మళ్లుతుంది. ఒక్కో స్పందనకు గుండె పంపే రక్తం తగ్గి, అది ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. వాచీలో అంకె చూసి కంగారు వద్దు, కాస్త నెమ్మదించండి. ఎండలో ఇది మరీ ఎక్కువ.

• గంటన్నర దాటేట్టయితే పిండిపదార్థం వెంట ఉండాలి. కండరాల్లో గ్లైకోజెన్ (ఇంధనంగా నిల్వ ఉండే చక్కెర) అడుగంటితే పట్టుదల ఒక్కటే నడిపించలేదు.

• నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రమాదమే.

• ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపి వైద్యసాయం తీసుకోండి.