పిల్లల చేతికీ మెదడుకీ పొంతన కుదరనప్పుడు ఏం చేయాలి?

ఎనిమిదేళ్లు నిండినా చొక్కా గుండీలు పెట్టుకోలేని పిల్లవాణ్ని, సంగటి ముద్దను పులుసులో అద్దుకునేలోపే ఒళ్లో జారవిడిచే పిల్లను మన తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ‘సోంబేరి’ అనో, ‘ధ్యాస లేదు’ అనో అనేస్తుంటారు. చాలాసార్లు ఆ మాట అన్యాయమైనది. తెలివిలో, చూపులో, కండరాల బలంలో ఏ లోపమూ లేకుండానే కదలికల పొందిక కుదరని పిల్లలు బడి వయసువారిలో 5 నుంచి 6 శాతం వరకు ఉంటారు. అంటే నలభై మంది ఉన్న తరగతిలో సుమారు ఇద్దరు. వైద్యులు దీన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. డిస్ప్రాక్సియా అన్న పేరు కూడా వాడుకలో ఉంది. ఇలాంటి పిల్లలకు ఇంట్లో, బడిలో ఏ వరుసలో సాయం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

1. రెండు వారాలు గమనించి రాసుకోండి

ఒక నోటుపుస్తకం తీసుకుని, ఏ పని దగ్గర ఏం తప్పుతోందో రోజూ రెండు మూడు వాక్యాల్లో రాయండి. ‘సరిగా రాయడు’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘పెన్సిల్‌ను గట్టిగా నొక్కడంతో కాగితం చిరిగింది, అర పేజీకే చేయి నొప్పి అన్నాడు’ అని రాస్తే డాక్టరుకు పనికొస్తుంది. తొక్కుడుబిళ్ళ ఆటలో ఒంటికాలిపై ఎన్ని గెంతులు వేయగలుగుతోంది, విసిరిన బంతిని పట్టడానికి చేతులు ఎప్పుడు చాపుతోంది, స్నానం చేసి బట్టలు వేసుకోవడానికి ఎంతసేపు పడుతోంది అన్నవి చూడండి. పుట్టుక వివరాలు కూడా రాయండి. 32 వారాలు నిండకముందే పుట్టినవారిలో, 1500 గ్రాముల కన్నా తక్కువ బరువుతో పుట్టినవారిలో ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపిస్తుంది. ఎడమచేతి వాటం మాత్రం లోపం కాదు కాబట్టి, దయచేసి చేయి మార్పించకండి.

2. వేరే జబ్బు లేదని నిర్ధారించుకోండి

ఇది వాయిదా వేయకూడని పని. ఇంతకుముందు చేయగలిగిన పనులు ఇప్పుడు చేయలేకపోవడం, శరీరంలో ఒక పక్క మాత్రమే బలహీనపడటం, నేల మీద నుంచి లేవడానికి తొడల మీద చేతులు ఆనించి పైకి ఎగబాకడం, జ్వరం తర్వాత ఒక్కసారిగా నడక తూలడం, ఉదయం పూట తలనొప్పితో వాంతులు కావడం వంటివి కనిపిస్తే అది ఈ సమస్య కాకపోవచ్చు. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. ఇలాంటివి లేకపోయినా కంటిపరీక్ష, నరాల పరీక్ష తప్పనిసరి. తిరుపతి వారికి రుయా ఆసుపత్రి, 1993లో మొదలైన స్విమ్స్ అందుబాటులో ఉన్నాయి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చే వైద్య బృందానికి మీ నోటుపుస్తకం చూపించవచ్చు. అయిదేళ్లలోపు పిల్లల్లో ఎదుగుదల వేగం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది కనుక ఇది డిస్ప్రాక్సియా అని తేల్చడానికి సాధారణంగా తొందరపడరు. మెదడు స్కానింగ్‌తో దీన్ని నిర్ధారించరు, చాలామందిలో ఎం.ఆర్.ఐ. మామూలుగానే ఉంటుంది.

3. మెదడులో జరిగేది అర్థం చేసుకోండి

నిండు చెంబును ఎత్తబోయే ముందే దాని బరువెంతో మన చేతికి తెలిసినట్టే ఉంటుంది. ఖాళీ చెంబును నిండుదనుకుని ఎత్తితే చేయి ఒక్కసారిగా పైకి ఎగరడం అందుకే. పెద్దమెదడు కండరాలకు ఆజ్ఞ పంపేటప్పుడే దాని నకలు ఒకటి తల వెనుక భాగంలో ఉండే చిన్నమెదడుకు చేరుతుంది. ఈ ఆజ్ఞ ప్రకారం చేయి ఎక్కడికి చేరాలో, ఎంత బరువు తగలాలో చిన్నమెదడు ముందుగానే అంచనా వేసి, నిజంగా జరిగినదానితో పోల్చి, తేడా ఉంటే మరుసటి ప్రయత్నానికి దిద్దుతుంది. కళ్ల నుంచి వచ్చే సమాచారం ఉపయోగపడేసరికి సెకనులో పదో వంతు కన్నా ఎక్కువ సమయం గడిచిపోతుంది కాబట్టి, ముందస్తు అంచనా లేకుండా విసిరిన బంతిని పట్టడం ఎవరికైనా అసాధ్యమే. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు కొన్ని మెట్ల తర్వాత మనం కిందికి చూడకుండానే పాదం సరిగ్గా అంత ఎత్తుకే లేస్తుంది. మెట్టు ఎత్తు కాస్త మారిన చోట తడబడతాం, వెంటనే సర్దుకుంటాం.

ఈ పిల్లల్లో బలహీనంగా ఉండేది ఆ అంచనా, ఆ దిద్దుబాటు అని పరిశోధకులు ఎక్కువగా భావిస్తున్నారు. చిన్నమెదడుతో పాటు, శరీరం ఎక్కడుందో లెక్కగట్టే పెరైటల్ భాగం, కదలికల వరుసను అలవాటుగా మార్చే బేసల్ గ్యాంగ్లియా, వీటిని కలిపే నరాల తంతువులలోనూ తేడాలు కనిపించాయి. ఇది ఒక చోట గాయం కాదు, భాగాల మధ్య సమన్వయంలో ఉన్న తేడా. అందుకే ఆ బిడ్డ ప్రతి మెట్టునూ మొదటి మెట్టులాగే చూసి ఎక్కవలసి వస్తుంది, సాయంత్రానికి అలసిపోతుంది. ఈ సంగతి తెలిసిన తల్లికి కోపం రాదని నా నమ్మకం.

4. ఒక్క పనిని ఎంచుకుని సాధన చేయించండి

ఏ పని నేర్చుకోవాలో బిడ్డనే అడగండి. రబ్బరు బంతిని నొక్కించడం వంటి సాధారణ వ్యాయామాల కన్నా, కావలసిన పనినే సాధన చేయించడం మేలని 2019 నాటి అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. గుండీలే అనుకుందాం. పెద్ద గుండీలున్న చొక్కాను ఒళ్లో పరచి, గుండీని కన్నంలో సగం వరకు మీరే దూర్చి, చివరి లాగుడు మాత్రం బిడ్డ చేత చేయించండి. అది కుదిరాక దూర్చడం కూడా తనకే వదలండి. తర్వాత అదే చొక్కాను ఒంటి మీద, ఆ పైన బడి యూనిఫారం చిన్న గుండీలతో చేయించండి. ప్రతిసారీ ‘ఏం చేయాలనుకున్నావు, ఎలా చేద్దామనుకున్నావు, చేశాక ఏమైంది, ఈసారి ఏం మారుద్దాం’ అని అడిగి, జవాబు తననే చెప్పనివ్వండి. మెదడు తనంతట వేసుకోలేని అంచనాను మాటలతో వేయించడం ఇది. రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ జరగాలి. దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. నయం చేస్తామని మందులు అమ్మేవారిని నమ్మవద్దు. రోజువారీ పనులను సాధన చేయించే నిపుణులైన ఆక్యుపేషనల్ థెరపిస్టు దొరికితే ఈ సాధన మెట్లను మీ బిడ్డకు తగినట్టు విడగొట్టి ఇస్తారు.

5. బడితో మాట్లాడండి

పాదాలు నేలకు ఆనే బల్ల, వెడల్పు గీతల నోటుపుస్తకం, రాతకు అదనపు సమయం, బోర్డు మీది పాఠం ఎక్కించుకోవడానికి బదులు అచ్చు కాగితం ఇవ్వమని అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ప్రత్యేక అభ్యసన వైకల్యాల వివరణలో డిస్ప్రాక్సియాను పేరు పెట్టి పేర్కొంది. ప్రధానోపాధ్యాయులకు ఇది చెప్పడం అవసరం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలోనూ విచారించండి. వీరిలో చాలామందికి ఏకాగ్రత లోపం కూడా తోడుగా ఉంటుంది కనుక, టీచరు ఆ మాట ఎత్తితే నొచ్చుకోకుండా డాక్టరుకు తెలియజేయండి. ఆటల పీరియడ్‌లో జట్లు ఎంచుకునేటప్పుడు చివరికి మిగిలిపోయే బిడ్డ వీరిలోనే ఉంటుంది. జట్లను టీచరే విభజిస్తే ఆ బాధ తప్పుతుంది.

పది వారాల తర్వాత అదే పనిని మళ్లీ గమనించి, మొదటి పేజీ పక్కనే రాయండి. గుండీలు కుదిరి ఉంటే రెండో పనిని బిడ్డే ఎంచుకుంటుంది. కుదరకపోతే మెట్టును ఇంకా చిన్నది చేసి మొదలుపెట్టండి.